ముప్పై మీటర్ల నల్లబట్ట

ఆదివారం పొద్దున చాయ్ తాగి, లీల పాత క్యాలెండర్ కాగితం వెనక ఒక పటం గీసింది. నాలుగు గీతలు గీస్తే ఇంట్లోని ఖాళీ గది అయింది. నడుమ ఒక పరుపు. దాని ముందర మూడు సున్నాలు, వెనక రెండు. అవి స్పీకర్లు. మూలకు పెద్ద డబ్బా ఒకటి గీసి దాని మీద ‘దడదడ’ అని రాసింది. దాని అసలు పేరు ఆమెకు నోరు తిరగదు.

జనగామలో కిరాణా కొట్టు నడిపే ఆమె భర్త సత్యం ఈ సామానంతా వరంగల్ నుంచి తెచ్చాడు. మూసేసిన కంప్యూటర్ సెంటర్ వాళ్లు అమ్ముకున్న పాత ప్రొజెక్టర్ కూడా అందులో ఉంది. ఇంత తంటా ఎందుకంటే, కూతురు సుమ పుట్టిన ఈ ఏడాదిన్నరలో లీల ఏ సినిమా రెండో సగమూ చూడలేదు. ఇంటర్వెల్ కాగానే పిల్ల ఏడుస్తుంది. వెనక వరుసలోంచి ఎవరో “పిల్లను బయటికి తీస్కపోండ్రి” అని అరుస్తారు. లీల బయటికి పోతుంది. ఇంటికొచ్చే దారిలో మిగతా కథ సత్యం చెబుతాడు. ఆయన చెబితే అది కథలాగా ఉండదు.

ఇంట్లోనే సినిమా అయితే ఎవరూ అరవరు. ఆమె భయమల్లా ఒకటే. ఈ సంగతి తెలిస్తే వాడకట్టంతా వచ్చి కూర్చుంటుంది. పిల్ల మళ్లీ ఏడుస్తుంది, తాను మళ్లీ బయటికే పోవాలి. అందుకని ఈ ముచ్చట ఎవరికీ పొక్కనివ్వకూడదనుకుంది.

ఎలక్ట్రీషియన్ రాజేందర్ వచ్చి గది చూశాడు.

“గోడలు గింత తెల్లగుంటె బొమ్మ కనవడది అక్కా. మూడు దిక్కుల నల్లబట్ట కొట్టాలె, కిటికీలకు గూడ. ముప్పై మీటర్లు పట్టుకరా. బిగించనీకె సన్న కట్టెలు నేను తెస్త. సోమారం బిగిస్తె మంగళారం సినిమా ఏస్కోవచ్చు.”

అవి సమ్మె రోజులు. బస్సులు నడవడం లేదు, బడులు తెరవడం లేదు, చౌరస్తాలో తెలంగాణ కోసం దీక్షా శిబిరం నడుస్తోంది. మంగళవారం ఒక మంత్రి వస్తున్నాడని, ఆయనకు నల్లజెండాలు చూపించాలని ఊరంతా అనుకుంటోంది. ఇవన్నీ లీలకూ తెలుసు. కానీ ఆ పొద్దు ఆమె తలలో పరుపు, ఐదు సున్నాలు తప్ప ఇంకేమీ లేవు.

బట్టల దుకాణం రాకేష్ మీటర్ కర్ర చేతిలో పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు.

“నల్లది ముప్పై మీటర్లా! ఎప్పటికి గావాలె చెల్లె?”

“మంగళారం పొద్దటికల్ల కట్టుడు గావాలె అన్నా.”

“మంగళారమేనా!” రాకేష్ వీధికి అటూ ఇటూ చూశాడు.

“జర ఎవ్వరికి చెప్పకు. తెలిస్తె వాడకట్టంత ఒచ్చి కూసుంటది.”

“కూసోనియ్యి! ఎంతమంది కూసుంటె గంత మంచిది. గీ ముచ్చట సత్యమన్నకు ఎరుకనేనా?”

“స్పీకర్లు గిట్ల అన్ని తెచ్చిందే ఆయన.”

రాకేష్ నోరు తెరిచాడు. బంద్ ఉన్న రోజు కొట్టు పూర్తిగా మూయకుండా, పూర్తిగా తెరవకుండా నడుపుతాడని సత్యాన్ని ఊళ్లో ‘సగం షట్టర్’ అని పిలుస్తారు. అలాంటి మనిషి! రాకేష్ ఇంకో ఐదు మీటర్లు చింపి, “గివి నా తరఫున” అన్నాడు. పెద్ద గిరాకీ అని ఇచ్చాడు కాబోలు అనుకుంది లీల.

సోమవారం పొద్దున పక్కింటి కట్టమ్మ ఆరుగురు ఆడవాళ్లను వెంటేసుకుని, కత్తెరలతో సహా దిగింది.

“గింత పెద్ద పని పెట్టుకోని మాతోని ఒక్క మాటన్న చెప్పకపోతివి లీలా! పరాయోళ్లమా?”

“రాకేషన్న చెప్పిండా?” అంది లీల.

“ఎవ్వరో చెప్పిండ్రు తియ్యి. ఒక్కదానివి ఎట్ల చేస్తవే? నువ్వు పిల్లను పండవెట్టు, మేం చూస్తం.”

ఎట్లాగూ తెలిసిపోయింది, కనీసం పరదాలన్నా కుట్టిపెడతారని లీల సర్దుకుంది. పక్క గదిలో పిల్లను జోకొడుతుంటే పర్రున బట్ట చిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఎంత తిన్నగా చింపుతున్నారో అనుకుంది. సుమ నిద్రపోయాక వచ్చి చూస్తే, ముప్పై ఐదు మీటర్లూ దస్తీలకంటే కాస్త పెద్ద ముక్కలై ఉన్నాయి. ఒక్కో ముక్క ఒక్కో సన్న కట్టెకు ఎక్కింది. రాజేందర్ సుత్తి పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“కట్టెలు ఈడేసి సుత్తి తెచ్చెటాల్లకే అయిపోయింది అక్కా,” అన్నాడు నీరసంగా.

“నూటా నలభై జెండాలు!” అంది కట్టమ్మ. ఆమె మొహం వెలిగిపోతోంది. “మంత్రి కండ్లు చెదరాలె!”

లీల నోరు తెరిచింది. కానీ ఊరంతా జీతాలు రాకున్నా సమ్మెలో కూర్చుంటే, ‘గిది సినిమా కోసం తెచ్చిన’ అని ఎట్లా చెబుతుంది? అందరికీ చాయ్ పెట్టింది.

ముప్పై ఐదు మీటర్లు చౌరస్తా చేరేసరికి మూడు వందలయ్యాయి. అక్కడి నుంచి పోలీసుల చెవికి చేరేసరికి ఒక లారీ అయ్యాయి. మధ్యాహ్నం ఎస్ఐ ప్రేమ్‌సింగ్ కొట్టుకు వెళ్లి, షట్టర్ కింది నుంచి వంగి సత్యాన్ని బయటికి పిలిచాడు. ముందుజాగ్రత్త అరెస్టు అన్నాడు. ఇంకో జీపు ఇంటికొచ్చింది. జెండాలు అప్పటికే కట్టమ్మ ఇంట్లో భద్రంగా ఉన్నాయి. స్పీకర్లు మీటింగుకే అనుకుని వదిలేసిన పోలీసులకు దొరికింది క్యాలెండర్ మీది పటం ఒక్కటే.

లీల పిల్లను చంకనేసుకుని, పట్టుకొచ్చిన వాళ్లను కూర్చోబెట్టిన ఫంక్షన్ హాలుకు పరుగెత్తింది. గుమ్మంలోనే ఎస్ఐ పటం విప్పి పట్టుకున్నాడు.

“నడుమ గిదేందమ్మా? మంత్రిగారి కారేనా?”

“పరుపు సార్.”

“ముందు ముగ్గురు, వెనక ఇద్దరు. మంచిగనే చుట్టుముట్టిండ్రు. మరి మూలకు గీ దడదడ ఏంది?”

“మోత సార్. గోడలు గూడ అదుర్తయట.”

పక్కనున్న కానిస్టేబుల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“బాంబు గాదు సార్! సినిమా డబ్బా!” అని లీల ఏడుపు గొంతుతో సంగతంతా చెప్పింది. ఇంటర్వెల్, పిల్ల ఏడుపు, నల్లబట్ట, రాజేందర్ కట్టెలు, ఏదీ వదల్లేదు.

ప్రేమ్‌సింగ్ ఓపికగా విన్నాడు. “పన్నెండేండ్ల సర్వీసుల గిసుంటి సాకు ఇనలేదమ్మా,” అన్నాడు. “మీ ఆయనను గూడ అడుగుతం.”

సత్యం లోపల నలభై మంది నడుమ, మెడలో బంతిపూల దండతో, పులిహోర పొట్లం పట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్న పెద్దాయన ఆయన భుజం తడుతున్నాడు. భార్యను చూసి దగ్గరికొచ్చి గుసగుసలాడాడు.

“సినిమా అని ఎవ్వరికన్న చెప్పినవా ఏంది?”

“ఎస్ఐకి చెప్పిన. నమ్మలే.”

“దేవుడున్నడు!” సత్యం ఊపిరి పీల్చుకున్నాడు. “సగం షట్టర్ అని నవ్వినోళ్లే దండ ఏసిండ్రే లీలా. ఒక్కరోజు ఊకో.”

“మీకు దండ పడ్డది. మరి నా రెండో సగం?”

ఎస్ఐ పిలిచి అడిగితే సత్యం ఛాతీ విరిచి, “సినిమానా? ఏం సినిమా?” అన్నాడు. లీలకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మంగళవారం తెల్లవారేసరికి మంత్రి పర్యటన రద్దయింది. లారీడు నల్లబట్ట ఉన్నచోటికి పోవడం మంచిది కాదని పైవాళ్లు అనుకున్నారట. అందరినీ వదిలేశారు. ఊరు సత్యాన్ని భుజాల మీద మోసుకొచ్చింది. కానీ పటం మాత్రం ఎస్ఐ జేబులోనే ఉంది. ఆయన ఇంటికే వచ్చి పరుపు మీద కూర్చున్నాడు.

“బిగించి సూపియ్యమ్మా. సినిమా పడితె పటం చింపేస్త. పడకపోతె గీ దడదడ మీద కేసు రాసుడే.”

ఇక దాచేదేముంది? లీల కట్టమ్మ ఇంటికి వెళ్లి, జెండాలు ఎందుకు వెనక్కి కావాలో చెప్పింది. కట్టమ్మ కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

“ఓసి నీ సినిమా సల్లగుండ! మంత్రి ఆగిండా లేదా? గదే మనకు గావాలె. లేవుండ్రే, కట్టెలు పట్టుండ్రి!”

నూటా నలభై జెండాలు పక్కపక్కన గోడలకెక్కాయి. సమ్మెతో కోతలున్నా, ఆ రోజు కరెంటు మూడింటిదాకా ఉంటుంది. రాజేందర్ స్విచ్ వేశాడు. తెరగా వదిలిన తెల్లగోడ మీద బొమ్మ పడింది, దడదడ డబ్బా మోగింది, ఎస్ఐ ఉలిక్కిపడి టోపీ సర్దుకుని పటం రెండు ముక్కలు చేశాడు. వెళ్లిపోతాడనుకుంటే కదల్లేదు. కట్టమ్మ, ఆమె వెంట ఆరుగురు, వాళ్ల పిల్లలు, రాకేష్, దీక్షా శిబిరంలో సగం మంది అక్కడే ఉన్నారు. లీల భయపడ్డట్టే వాడకట్టంతా వచ్చి కూర్చుంది.

ఇంటర్వెల్ కాగానే సుమ ఏడుపు అందుకుంది. లీల అలవాటుగా లేచి చీర సర్దుకుంది.

“ఏడికే?” అని కట్టమ్మ కొంగు పట్టి లాగి, పిల్లను అందుకుంది. పిల్ల కట్టమ్మ దగ్గర ఊరుకోలేదు, రాకేష్ చేతికి పోయింది. అక్కడా ఊరుకోలేదు. ఒళ్లు మారుతూ మారుతూ చివరికి ఎస్ఐ భుజం మీది నక్షత్రాలు పట్టుకుని టక్కున నోరు మూసింది. ఆయన కూర్చుంటే మళ్లీ ఏడుపు. లేచి నడిస్తే ఊరుకుంటోంది.

ప్రేమ్‌సింగ్ వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ, కిటికీ దగ్గరికొచ్చినప్పుడల్లా నల్లజెండా పక్కకు జరిపి అడిగాడు. “అమ్మా, గిప్పుడేమైంది?”

“చెప్త సార్, అయిపోనియ్యుండ్రి,” అంది లీల, తెర మీంచి కన్ను తిప్పకుండా. కాళ్లు చాపుకుని, గోడకు ఆనుకుని, చివరి పేర్లు పడేదాకా చూసింది.

రెండో సగం ఏమంత బాగాలేదు.