ముందే తగ్గిన కరెంటు

"కరెంటు పొదుపులో ప్రపంచం మనవైపు చూడాలి. చూడకపోతే మనమే వెళ్ళి చూపించి వస్తాం!"

పురపాలక సంఘం చైర్మన్‌గారు ఇలా ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ చప్పట్లు వీధి చివరిదాకా వినపడాలని అదనంగా ఆరు స్పీకర్లు పెట్టించడం ఆయన ముందుచూపుకు నిదర్శనం. ఆవిష్కరించిన 'ఇంధన పొదుపు, సుస్థిర ప్రగతి ప్రణాళిక' మూడు వందల నలభై పేజీలు. చదివినవాళ్ళు ఇంకా లేరుగానీ, మోసినవాళ్ళందరూ అది బరువైన ప్రణాళిక అని ఒప్పుకున్నారు.

వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళలో పంపక్క ఒకతె. ఊరి ట్యాంకుకు నీళ్ళెక్కించే పంపుహౌసులో పదకొండేళ్ళుగా టెంపరరీగా పనిచేస్తోంది గనక ఆమెకా పేరు. ప్రణాళికను బాగా అమలు చేసినవాళ్ళను పర్మనెంట్ చేస్తామన్న మాట ఒక్కటే ఆమె చెవిన పడింది. మిగతా ప్రసంగం గాలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే స్పానరు పట్టుకుంది. పంపు పక్కన పైపు జాయింటు కారడం మొదలై ఎన్నేళ్ళయిందో లెక్కలేదు. తోడిన నీళ్ళలో సగం నేలపాలు. ట్యాంకు నిండాలంటే పంపు ఇరవై గంటలు తిరగాల్సిందే. పంపక్క పాత లారీ ట్యూబును గుండ్రంగా కోసి, వాషరు చేసి, జాయింటులో పెట్టి బోల్టులు బిగించింది. అంతే. పంపు పది గంటలు తిరిగేసరికే ట్యాంకు నిండిపోయింది. మీటరు నెమ్మదించింది గానీ పంపక్క సంబరం ఆగలేదు. ఇంటికెళ్ళి, రాబోయే పర్మనెంట్ ఆర్డరు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవరు కూడా వెతికి ఉంచుకుంది.

నెలాఖరుకి వచ్చింది ఆర్డరు కాదు, ఇంజనీరుగారు. అదీ పరుగెత్తుకుంటూ.

"ఏం చేశావమ్మా? కరెంటు వాడకం సగానికి పడిపోయింది!"

"లీకు కట్టేశాను సార్."

"ఎవరినడిగి కట్టావు?"

"అది నన్నడిగి కారలేదు కదండీ."

ఇంజనీరుగారు తల పట్టుకుని స్టూలు మీద కూలబడ్డారు. "ఇది ఆధార నెలమ్మా! ఈ నెల వాడకంతో పోల్చి, ఏడాదిలో నలభై శాతం తగ్గించి చూపించాలి. నువ్వే తగ్గించేస్తే ప్రణాళిక ఏం తగ్గిస్తుంది?"

పంపక్కను చైర్మన్‌గారి గదికి పిలిపించారు. ఆయన కోప్పడలేదు. పెద్ద మనసుతో కుర్చీ చూపించారు. కూర్చోమని మాత్రం అనలేదు.

"నువ్వు మంచిదానివేనమ్మా. కానీ తొందరపడ్డావు. నేను చీపురు పట్టుకునేలోపే నువ్వు ఊడ్చేస్తే ఫొటోగ్రాఫరు ఏం చెయ్యాలి చెప్పు?"

పంపక్క బిక్కమొహం వేసింది. "తప్పయిపోయింది సార్. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఏముంది, ఆ లీకు మళ్ళీ పెట్టెయ్."

సాయంత్రానికల్లా 'లీకు పునరుద్ధరణ' మెమో వచ్చింది. నేరానికి వాడిన వాషరును కవరులో పెట్టి సీలు వేశారు. పదకొండేళ్ళ అనుభవంలో మొదటిసారిగా పంపక్క బాగున్న పైపును పాడుచేసింది. ఇంజనీరుగారు లీకు కింద బకెట్టు పెట్టి, అది నిండేదాకా గడియారం చూసి పెదవి విరిచారు.

"పాత లీకులో సగం కూడా లేదే! రేపు పైనుంచి తనిఖీ అధికారి వస్తున్నారు. ఇంకా వదులు చెయ్."

"ఇంకా అంటే ఊడిపోద్ది సార్."

"ఏం పర్లేదు. ప్రణాళిక మన వెనకుంది."

మర్నాడు అధికారిగారి కారు సరిగ్గా పంపుహౌసు ముందు ఆగినప్పుడు జాయింటు ఊడిపోయింది. నీళ్ళు రివ్వున రేకుల కప్పు దాటి లేచి, గొడుగులా విచ్చుకుని, స్వాగతానికొచ్చిన చైర్మన్‌గారితో సహా అందరి మీదా పడ్డాయి. ఇంజనీరుగారు ఇంజనీరింగు నియమాలన్నీ మరిచిపోయి బల్ల కింద దూరారు. పంపక్క మోటారు స్విచ్చు వైపు పరుగెత్తబోయింది.

"ఇదేమిటి?" అన్నారు అధికారిగారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

నాయకుడన్నవాడు తడిసినా తడబడడు. చైర్మన్‌గారు పంపక్కకు అడ్డంగా నిలబడి, నెత్తిమీంచి కారుతున్న నీళ్ళలోంచే చిరునవ్వు నవ్వారు.

"బహిరంగ శీతల కేంద్రం సార్! వీధంతా చల్లబడుతుంది. ఇళ్ళలో ఏసీలక్కర్లేదు. ఫ్యాన్లక్కర్లేదు."

అధికారిగారు చెయ్యి చాపి తుంపర్లు పట్టుకున్నారు. ఎండలో వచ్చిన మనిషేమో, ప్రాణం లేచొచ్చింది.

"అద్భుతం! దీన్ని ఎవరు నడుపుతున్నారు?"

చైర్మన్‌గారు తలుపు దగ్గర ముద్దగా తడిసి నిలబడ్డ పంపక్కను ముందుకు తోశారు.

"ఈవిడేనండి. ఈ పైపులో మెళకువలన్నీ ఈవిడకే తెలుసు."

వారం తిరక్కుండానే కరెంటు పొదుపులో ఊరికి మొదటి బహుమతి వచ్చింది. ఆ మర్నాడే పంపక్క చేతికి పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. హోదా 'శీతల కేంద్ర పర్యవేక్షకురాలు'. పంపక్క ఇంటికి ఎగురుకుంటూ వెళ్ళింది. వాకిట్లో అత్తగారు ఖాళీ బిందెల మధ్య పీట వేసుకుని కూర్చుని ఉంది. వీధి కుళాయిలో చుక్క పడి అప్పటికి ఎనిమిది రోజులు.

"ఉద్యోగం ఖాయమైందటగా అమ్మాయ్! సంతోషం. ఏం రాశారు అందులో?"

పంపక్క కాగితం విప్పి చదివింది. చదువుతూ చదువుతూ నెమ్మదించింది.

"పంపు రాత్రీ పగలూ ఆపకుండా నడపాలట అత్తయ్యా. ఏడాదికి ఒక్క గంట మాత్రం ఆపాలట."

"ఆ గంట ఎందుకూ? కుళాయికి నీళ్ళు వదలడానికా?"

"కాదు. కరెంటు ఆదా చెయ్యడానికి."