తూకానికి వెళ్ళిన రాణి

ఉగాది వెళ్ళి పది రోజులైంది. చెట్లకు చిగుళ్ళు వచ్చే కాలమూ గుర్రాలకు బొచ్చు ఊడే కాలమూ ఒకటే కావడం పుంగనూరు వెంకటముని దురదృష్టం. ఇంటి ముందు వేపచెట్టు తెల్లగా పూస్తుంటే, దాని కింద కట్టేసిన తెల్ల గుర్రం రాణి తెల్లగా రాలుతోంది. ఏది పూతో, ఏది బొచ్చో తెలియక ఆయన భార్య కాంతమ్మ రెండింటినీ ఒకే చీపురుతో ఊడుస్తోంది. ఉగాది పచ్చట్లోకి పూత ఏరేటప్పుడు మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుంది.

రాణి వృత్తి పెళ్ళికొడుకులను మోయడం. పెళ్ళి ఊరేగింపు ఎక్కడున్నా వీపు రాణిది, పేరు వెంకటమునిది. వచ్చే శుక్రవారం కుప్పంలో ఒక పెళ్ళి ఒప్పుకున్నారు. ఇక్కడే చిక్కు వచ్చింది. వారం రోజులుగా రాణి ఉలవల వైపు కన్నెత్తి చూడటం లేదు.

ఆ రోజు పశువుల డాక్టరు సుప్రియ వచ్చింది. ఎండలు ముదరకముందే ఇంట్లోని మూగజీవాలన్నిటికీ ఒకసారి సూదీ మందూ వేయడం ఆమె పద్ధతి. ముందు కుక్క టైగర్ చెవుల్లోని పిడుదులు ఏరి, సూది వేసింది. టైగర్ తూకం కోసం కాంతమ్మ దాన్ని ఎత్తుకొని బియ్యం కొట్టు కాటా ఎక్కింది గానీ, ఇద్దరి తూకంలోంచి తీసేయడానికి తన తూకం చెప్పమంటే ససేమిరా అంది. బరువు చెబితే పరువు పోతుందని ఆమె వాదన. తర్వాత డాక్టరమ్మ రాణి కనురెప్పలు తిప్పి చూసి, పెదవి విరిచింది.

"కడుపులో నట్టలుండాయి. తూకాన్ని బట్టి మందెయ్యాల. పోయినేడు నువ్వు అందాజుగా చెప్పిన తూకానికి మందేస్తే నట్టలు బలిసినాయి గానీ రాల్లేదు. రేపు సాయంత్రం అయిదుకు వస్తా, కరెక్టు తూకం కావాల. ఎల్లుండి నుంచి నేను క్యాంపులకు పోతాండా. రేపు మందు పడకపోతే శుక్రవారం అది పెండ్లికొడుకును మొయ్యదు, పెండ్లికొడుకే దాన్ని మొయ్యాల."

పొట్టలో పురుగుంటే కాళ్ళలో పరుగుండదు కదా. వెంకటముని రాత్రంతా ఆలోచించాడు. కుక్కను ఎత్తుకొని కాటా ఎక్కవచ్చు, గుర్రాన్ని ఎత్తుకొని ఏ కాటా ఎక్కాలి?

తెల్లవారకముందే దారి చూపించినవాడు కుప్పుస్వామి. సోమల తోటల నుంచి మదనపల్లెకు టమాటా బాక్సులు తోలే చిన్న లారీ డ్రైవరు. "మదనపల్లెలో ఇందిరమ్మ మండీ ఉండాది కదప్పా. ఆడ లారీలు తూసే కాటా ఉండాది. గుర్రంతో ఒకసారి బండిని తూస్తాం, గుర్రాన్ని దించి ఒకసారి తూస్తాం. తేడా ఎంతో గుర్రం అంత."

పొద్దున్నే బయలుదేరారు. కాంతమ్మ రాణి నుదుటికి బొట్టు పెట్టి, మొగుడికి చేతిలో సంగటి క్యారియరు పెట్టి, ఒకే ఒక్క మాట చెప్పింది. "బిడ్డ మాదిరి సాకినాను. అది లేకుండా ఇంటికి రావాకు."

మండీ గేటు దగ్గర చీటీలు రాసే మనిషి తల ఎత్తకుండానే అడిగాడు. "ఏం సరుకు?"

"తెల్లది," అన్నాడు కుప్పుస్వామి.

"ఎన్ని?"

"ఒకటే."

"రైతు పేరు?"

"వెంకటముని, పుంగనూరు."

చీటీ తయారైంది. రకం తెల్లది, సంఖ్య ఒకటి. ఒక కాపీ రాణి మెడపట్టీకి ఎక్కింది, ఇంకొకటి లోపలికి పోయింది. గుర్రంతో బండి తూశారు. తర్వాత రాణిని వేలం అరుగు పక్కన దించి, ఖాళీ బండిని తూయించడానికి కుప్పుస్వామి మళ్ళీ వరుసలో నిలబడ్డాడు. ముందు పదకొండు లారీలున్నాయి.

ఇక్కడ ఇందిరమ్మ మండీ కట్టుబాటు ఒకటి చెప్పుకోవాలి. ఆమె ఎత్తు స్టూలు మీద కూర్చొని, కళ్ళు చీటీల మీద, చెవులు కొనేవాళ్ళ మీద పెట్టి వేలం పాట పాడిస్తుంది. సంతకాలు లేవు, బయానాలు లేవు. పాట ముగిశాక రైతు ఒక కాయ తీసి కొన్నవాడి చేతిలో పెడితే బేరం ఖాయం. మనసు మారితే అదే కాయ వెనక్కి రావాలి, అప్పుడే రద్దు. కాయే సాక్షి, కాయే కాగితం. ఈ సంగతి టమాటా రైతులందరికీ తెలుసు. వెంకటముని పండించేది టమాటాలు కాదు.

వారం రోజులు ఉలవలు ముట్టని రాణి, అరుగు మీద పక్కవాళ్ళ బాక్సులో మూతి పెట్టింది. మందు కోసం వచ్చిన గుర్రానికి మండీలో ఆకలి పుట్టింది. వెంకటముని సంతోషపడాలో, పగ్గం లాగాలో తేల్చుకోలేక రెండూ సగం సగం చేస్తున్నాడు. అప్పుడు సిల్కు చొక్కా తొడుక్కున్న ఒక పెద్దమనిషి దగ్గరికి వచ్చాడు. పేరు మునిశేఖర్. ఇంట్లో పెళ్ళి ఉంటే వంటకు టమాటాలు కొనడానికి వచ్చినవాడు.

"ఇది నీదేనా అప్పా?"

"నాదే సామీ."

"పండ్లు సూడొచ్చునా?"

"పండ్లు పక్కనోళ్ళవి సామీ. వాళ్ళనడుగు."

మునిశేఖర్ విచిత్రంగా చూసి, రాణి పెదవులు పైకెత్తి దాని పండ్లే చూశాడు. తల ఆడించాడు. టమాటాలు చూడటానికి వచ్చినవాడు గుర్రం నోరు ఎందుకు చూస్తున్నాడో వెంకటమునికి అర్థం కాలేదు. మదనపల్లె మర్యాద ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

స్టూలు మీంచి ఇందిరమ్మ గొంతు మోగింది. "తెల్లది, ఒకటి. వెంకటముని, పుంగనూరు. ఉండాడా?"

కాటా దగ్గరికి పిలుస్తున్నారనుకొని వెంకటముని చెయ్యి ఎత్తాడు. "ఉండానమ్మా."

"పాడండప్పా."

నలుగురైదుగురు అటూ ఇటూ చూసి నవ్వుకున్నారు. మునిశేఖర్ నవ్వలేదు. ఒక టమాటా బాక్సు ధర పాడాడు. పోటీకి ఎవరూ రాలేదు. టమాటా ధరకు గుర్రం దొరికే రోజు మళ్ళీ రాదని అతనికి తెలుసు, ఇదేదో ఎగతాళి అని మిగతావాళ్ళకు తెలుసు, ఏమీ తెలియనివాడు వెంకటముని ఒక్కడే. ఎవరివో తెల్ల వంకాయలు చవగ్గా పోతున్నాయి పాపం అనుకున్నాడు.

ఈలోగా రాణి రెండో బాక్సులోకి దిగింది. పగ్గం లాగితే రాలేదు. దానికి ఎర చూపించాలని తోచి, వెంకటముని బాక్సులోంచి ఒక ఎర్రటి కాయ తీసి మునిశేఖర్ అరచేతిలో పెట్టాడు.

"సామీ, ఇది పట్టుకోని అట్ల ముందరికి నడువు. నీ ఎనకే వచ్చేస్తాది."

మండీ మొత్తం ఒక్క గొంతుతో "ఖాయం" అంది. ఇందిరమ్మ చీటీని మేకుకు గుచ్చింది.

మునిశేఖర్ పది అడుగులు నడిచాడు. రాణి వెనకే వెళ్ళి అతని అరచేతిలోని కాయను లటుక్కున మింగింది. వెంకటముని చేతులు జోడించాడు.

"మంచి సాయం చేస్తివి సామీ. ఇంక పగ్గం ఇయ్యి."

"పగ్గం నీకు యాలప్పా? నేను కొన్నా కదా."

"ఏంది కొనింది?"

"గుర్రాన్ని."

"ఏ గుర్రాన్ని?"

"ఈడ ఎన్ని ఉండాయి?"

వెంకటముని నిజాయితీగా చుట్టూ చూసి లెక్కపెట్టాడు. ఒకటే ఉంది. మళ్ళీ లెక్కపెట్టాడు. కళ్ళ ముందు కాంతమ్మ, ఆమె చేతిలో చీపురు, చీపురుకు తెల్ల బొచ్చు కనిపించాయి.

పంచాయితీ స్టూలు దగ్గరికి వెళ్ళింది. ఇందిరమ్మ ఆ పూటకు మొదటిసారి చీటీల మీంచి తల ఎత్తింది. గుర్రాన్ని చూసింది. గుర్రం ఆమెను చూసింది.

"ఇది టమాటా కాదే," అంది ఇందిరమ్మ.

"కాదమ్మా. నేను తూకానికి వచ్చినాను," అన్నాడు వెంకటముని.

"ఈడికి వచ్చేవాళ్ళంతా తూకానికే వస్తారప్పా. చీటీ ఉండాది. పిలిస్తే ఉండానంటివి. పాట అయింది. నీ చేత్తోనే కాయ ఇస్తివి. ముప్పై ఏండ్లుగా నా మండీలో కాయ ఇచ్చి మాట తప్పినోడు లేడు. గుర్రం కోసం ఈ పొద్దు తప్పితే, రేపు ఆవుకు తప్పల్ల, ఎల్లుండి ఆలికి తప్పల్ల."

అంతలో కుప్పుస్వామి కాటా కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "మున్నూట ఇరవై కేజీలప్పా మన రాణి." మునిశేఖర్‌ను చూసి ఆగాడు. "నమస్తే అన్నా. అప్పా, శుక్రవారం కుప్పం పెండ్లి ఈయన కొడుకుదే. నేను ఫోన్లో నీకు బాడుగ మాట్లాడి పెట్టింది ఈయనతోనే."

మునిశేఖర్ ముఖం చాటంత అయింది. "ఆ గుర్రం ఇదేనా? ఇంక బాడుగ యాలా? మన గుర్రం మీద మన పిల్లోడు."

వెంకటమునికి తల తిరిగింది. తూకం దొరికింది, తూకానికి తగిన గుర్రం పోయింది. సరిగ్గా అప్పుడే డాక్టరు సుప్రియ ఫోను చేసింది. మండీ గోలలో వినపడదని కుప్పుస్వామి స్పీకరు పెట్టాడు.

"తూకం తెలిసిందా వెంకటమునీ?"

"తెలిసిందమ్మా. గుర్రమే పోయింది."

"పోయిందా? నిన్న బాగుండిందే."

"సచ్చిపోలేదమ్మా. అమ్ముడుపోయింది."

డాక్టరమ్మ, "సరే, ఎవురు కొన్నారో వాళ్ళనే వినమను," అంది. "ఏమప్పా, వింటాండావా? ఈ పొద్దే నట్టల మందు పట్టాల. నోట్లో చెయ్యి పెట్టాల, కరిస్తే ఓర్చుకోవాల. ధనుర్వాతం సూది నేనేస్తా, తన్నకుండా నువ్వు పట్టుకో. పండ్లు వాడిగా ఉండాయి, ఆకురాయితో అరగదీపియ్యల్ల. నెలన్నరకొకసారి గిట్టలు చెక్కి నాడాలు మార్చల్ల. బొచ్చు రాలే కాలం కదా, పొద్దన గంట, సాయంత్రం గంట మాలీసు. ఉలవలు రాత్రే నానబెట్టల్ల. లద్దె రోజూ చూసి, గట్టిగా ఉండాదా, జారుగా ఉండాదా నాకు చెప్పల్ల."

మునిశేఖర్ ఫోను దగ్గరికి వంగాడు. "ఇదంతా శుక్రవారం దాంకానేనా అమ్మా?"

"ఎండాకాలం దాంకా ఇది. వానాకాలానికి వేరే ఉండాది."

"ఎన్నేండ్లు?"

"దానికిప్పుడు తొమ్మిదేండ్లు. బాగా సాకితే ఇంకో ఇరవై ఏండ్లు ఢోకా లేదు."

ఫోను ఆగింది. మునిశేఖర్ తన సిల్కు చొక్కా వైపు చూసుకున్నాడు. అప్పటికే భుజం మీద చారెడు తెల్ల బొచ్చు అతుక్కొని ఉంది. పగ్గాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని వెంకటముని వైపు చాచాడు.

"నీ గుర్రాన్ని నువ్వు తోలుకోని పో అప్పా. బాడుగే మేలు."

వెంకటముని పగ్గం అందుకోబోయాడు. "ఆగండి," అంది ఇందిరమ్మ. "కాయ యాడ?"

అందరూ రాణి వైపు చూశారు. రాణి మూతి నాక్కుంటోంది.

"లోపల ఉండాదమ్మా," అన్నాడు వెంకటముని.

"వేరే కాయ ఇస్తా, బాక్సు ఇస్తా," అన్నాడు మునిశేఖర్.

"ఇచ్చిన కాయే రావల్ల. అది మాట."

"ఎట్ల వస్తాదమ్మా?"

"రాకుండా యాడికి పోతాది? కూర్చోండి."

కూర్చున్నారు. రాణి నిలబడింది. మధ్యాహ్నం దాటింది. ఉదయం గుర్రానికి ముందు నిలబడి పండ్లు చూసిన మునిశేఖర్ ఇప్పుడు వెనక నిలబడి, ఖాళీ టమాటా బాక్సును రెండు చేతులతో పట్టుకొని, "రాణమ్మా, నా తల్లీ," అని బతిమాలుతున్నాడు. కొడుకు పెళ్ళిచూపుల్లో కూడా అతను అంత వినయంగా లేడని కుప్పుస్వామి తర్వాత చెప్పాడు. పాట కోసం వచ్చినవాళ్ళు పాట వదిలేసి పందేలు కాస్తున్నారు. వెంకటముని గడియారం వైపు, తోక వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. మూడున్నరకైనా బండి కదలకపోతే అయిదుకు పుంగనూరు చేరలేరు. డాక్టరమ్మ వెళ్ళిపోతే మందు లేదు, పెళ్ళి లేదు, ఇంట్లోకి అడుగు లేదు.

మూడు ఇరవైకి తోక లేచింది.

పందేలు కాసినవాళ్ళు ముందుకు వంగారు. మునిశేఖర్ బాక్సులో పట్టింది పట్టినట్టు స్టూలు ముందుకు తెచ్చాడు. ఇందిరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. అది ముందురోజు మేసిన గడ్డి అని, పొద్దున తిన్న కాయ అంత తొందరగా బయటపడదని, పశువును సాకిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కానీ అందులో కాయ లేదని రుజువు చేయాలంటే ఎవరో ఒకరు చెయ్యి పెట్టాలి. ఇందిరమ్మ చుట్టూ చూసింది. అందరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"అందింది. తోలుకోని పో," అంది ఆమె, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని.

అయిదుకు రెండు నిమిషాలుండగా బండి పుంగనూరు చేరింది. రాణి గొంతులో మందూ మెడలో సూదీ పడ్డాయి. శుక్రవారం కుప్పంలో పెళ్ళికొడుకు దర్జాగా ఊరేగాడు. పగ్గం పట్టుకొని ఫోటో దిగమని బంధువులు ఎంత అడిగినా పెళ్ళికొడుకు తండ్రి మాత్రం చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.

మండీలో ఇచ్చిన రద్దు చీటీని వెంకటముని కాంతమ్మకు చూపించాడు. దాని మీద ఇందిరమ్మ స్వహస్తాలతో "సరుకు వాపసు అందినది" అని రాసి ఉంది. ఏ స్థితిలో అందినదో రాయడానికి ఆ చీటీలో గడి లేదు.