ఆగకూడని కారు

ఆ శనివారం పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న ప్లానులో చెడిపోవడానికి ఏమీ లేదు. పెద్దావిడను కూతురింటి దగ్గర దింపాలి, కేకును హోటల్లో దింపాలి, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కాఫీ తాగాలి. అంతే. కారు కొత్తది, దారి తెలిసిందే, పెట్రోలు నిండుగా ఉంది. ఇంకేం కావాలి చెప్పండి?

అసలా కారు కొన్నదే కేకుల కోసం. ఆ ఇంటి ఇల్లాలు వంటింట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. ఇన్నాళ్ళూ పిల్లల పుట్టినరోజులకు చిన్న చిన్నవి చేసి స్కూటర్ మీద పంపించేది. పోయిన వారం ఊళ్ళోకెల్లా పెద్ద హోటల్ నుంచి ఫోన్ వచ్చింది. మూడంతస్తుల కేకు ఒకటి నమూనాకు తెమ్మన్నారు. అక్కడి చెఫ్‌కు నచ్చితే ఇకమీదట వాళ్ళ విందులన్నిటికీ కేకులు ఆవిడవే. నచ్చకపోతే మళ్ళీ పుట్టినరోజులే గతి. "వంట హడావుడి మొదలవకముందే రండి. మొదలయ్యాక నేనెవర్నీ చూడను" అని చెఫ్ ఖరాఖండిగా చెప్పాడు. అది విన్న దగ్గర్నుంచీ ఆవిడ కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆవిడ భర్త లైబ్రేరియన్. పుస్తకం పేజీ గట్టిగా తిప్పినా సహించని మనిషి. అలాంటాయనకు దొరికింది ఈ కారు. ఇది ఊరికే ఉండదు. బెల్టు పెట్టుకోకపోతే కూస్తుంది. పక్క సీట్లో క్యాబేజీ పెడితే, క్యాబేజీకి బెల్టు పెట్టలేదని కూస్తుంది. వెనక్కి తీస్తే గోడ దగ్గరైందని కూస్తుంది, ముందుకు తీస్తే గాలికి ఊగే చెట్టుకొమ్మను చూసి కూస్తుంది. వెనక డిక్కీ సంగతి మరీ దారుణం. కింద కాలు ఆడిస్తే దానంతటదే తెరుచుకుంటుంది, చేతుల నిండా సామాను ఉన్నవాళ్ళకు ఎంతో సుఖం అన్నాడు షోరూంవాడు. చేతుల నిండా సామాను ఉన్నప్పుడు ఎంత తన్నినా అది కదలదు. పెద్దావిడ చీపురుతో ఊడుస్తున్నప్పుడు మాత్రం ఠక్కున తెరుచుకుని గడ్డం కింద ఒక్కటిస్తుంది.

పైగా దాని తెరమీద ఎప్పుడూ ఏదో ఒక ఎర్ర బొమ్మ వెలుగుతూనే ఉంటుంది. లైబ్రేరియన్ మొదట్లో ఒక్కోదానికీ కారాపి, సీట్ల కింద దూరి, కారణం వెతికేవాడు. ఎప్పుడు చూసినా ఏమీ ఉండేది కాదు. చివరికి విసుగెత్తి, పుస్తకాల అట్టలకు వేసే నల్ల టేపు తెచ్చి ఆ తెరమీద అతికించేశాడు. ఆ రోజు నుంచి ప్రాణం కాస్త కుదుటపడింది.

బయలుదేరేటప్పుడు కేకు పెట్టెను మొగుడూ పెళ్ళాం చెరో పక్కా పట్టుకుని, ఊపిరి బిగబట్టి మోశారు. "అమ్మా, ఇంటి తాళం, కారు తాళం నువ్వు పట్టుకో" అన్నాడు లైబ్రేరియన్. పెద్దావిడ రెండూ తన చేతిసంచిలో వేసుకుంది. ఈ కారుకు తాళం దూర్చే కన్నమే లేదు. తాళం లోపల ఎవరి దగ్గరున్నా సరే, బటన్ నొక్కితే చాలు, బండి లేస్తుంది. కేకును వెనక సీట్లో పెట్టి, బెల్టు కట్టి, పక్కనే ఇల్లాలు కూర్చుంది. క్రీము కరగకుండా ఏసీ పూర్తిగా పెట్టారు. ముందు సీట్లో పెద్దావిడ వణుకుతూ కూర్చుంది.

కూతురింటి గేటు దగ్గర పెద్దావిడ దిగి తలుపు వేయగానే కారు ఎప్పటికన్నా గట్టిగా, ఎప్పటికన్నా ఎక్కువసేపు కూసింది.

"ఏమంటోందండీ అది?" అంది ఇల్లాలు.

"దానికేం పనీ పాటా లేదు. నువ్వు కేకు చూసుకో" అన్నాడు లైబ్రేరియన్. ఆయన కారును పోనిచ్చాడు.

పెద్ద రోడ్డు ఎక్కారో లేదో ఫోన్ మోగింది. కొత్త కారు కదా, ఫోన్ మాట్లాడితే అన్ని స్పీకర్లలోంచీ మాటలు వస్తాయి. పెద్దావిడ గొంతు నాలుగు వైపుల నుంచీ మీద పడింది.

"ఒరేయ్, కళ్ళజోడు కోసం సంచిలో చెయ్యి పెడితే నీ కారు తాళం తగిలిందిరా!"

"అదేంటమ్మా! ఇవ్వకుండా దిగిపోతే ఎలా?"

"నువ్వు అడిగావట్రా? అయినా తాళం లేకుండా అదెలా నడుస్తోంది?"

అసలు ప్రశ్న అదే. నడుస్తోంది సరే, ఆగితే మళ్ళీ లేస్తుందా? షోరూంవాడు తాళం చేతికిస్తూ, "ఇది లోపల లేకపోతే ఈ బండి ఎవరికీ స్టార్టవదు సార్, మీకే కాదు, నేనొచ్చినా అవదు" అని గర్వంగా చెప్పిన మాట లైబ్రేరియన్‌కు గుర్తొచ్చింది. ఆపకుండా పోవడం కూడా అంత తేలిక కాదు. ఈ కారుకు ఇంకో జబ్బుంది. ఎర్ర లైటు దగ్గర బ్రేకు నొక్కి ఆపితే ఇంజను తనంతట తానే ఆగిపోతుంది. పెట్రోలు మిగులుతుందట. బ్రేకు మీంచి కాలు తీస్తే మళ్ళీ లేస్తుంది. కానీ తాళం ఉన్నప్పుడు కదా లేచేది!

"వెనక్కి తిప్పనా?" అన్నాడు.

"తిప్పితే అక్కడ చెఫ్ వంటలో పడిపోతాడు. మధ్యలో ఆగిందంటే ఏసీ పోతుంది, ఏసీ పోతే క్రీము కారిపోతుంది. ఇక నా కేకూ లేదు, నా ఆర్డరూ లేదు!" ఇల్లాలి గొంతులో అప్పుడే ఏడుపు తొంగిచూసింది. "అత్తయ్యా, మీరే ఎలాగోలా హోటల్ దగ్గరికి తాళం తెచ్చేయండి!"

"తెస్తానమ్మా. అల్లుడు స్కూటర్ తీస్తున్నాడు. ఒరేయ్, నువ్వు మాత్రం ఆపకురా!"

ఆ తర్వాత లైబ్రేరియన్ నడిపిన తీరు చూసినవాళ్ళెవరూ ఆయన చేతికి పుస్తకాలు కూడా అప్పగించరు. ఎర్ర లైటు కనబడితే చాలు, పక్క సందులోకి తిప్పేశాడు. ఒక సందు కూరగాయల బజార్లో తేలింది, ఇంకోటి ఎవరిదో కార్ల షెడ్డులోకి పోయి తిరిగి బయటికొచ్చింది. రోడ్డు దాటబోతున్న ముసలాయన్ను దూరంనుంచే చూసి, చీమలా పాక్కుంటూ వెళ్ళి, "మీరు ఆగండి తాతగారూ, నేను ఆగలేను" అని కిటికీలోంచి దణ్ణం పెట్టాడు. వెనక ఇల్లాలు కేకు పెట్టెను పసిపాపలా వాటేసుకుని, ప్రతి మలుపుకూ దాంతోపాటు వంగుతూ లేస్తోంది.

"షోరూంకి ఫోన్ చెయ్యండి! ఆ ఇంజను ఆగే జబ్బుకి ఏదో బటన్ ఉండే ఉంటుంది!"

చేశాడు. కాసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి మర్యాదగా పలికింది.

"చెప్పండి సార్."

"అమ్మా, నా కారు ఆపకూడదు. ఏం చెయ్యాలి?"

"తప్పకుండా సాయం చేస్తాను సార్. ముందుగా మీ భద్రత కోసం కారును పక్కకు ఆపండి."

"అదే కదమ్మా, ఆపకూడదు!"

"అర్థమైంది సార్. మీరు ఆపాక నేను చెప్తాను. నడుపుతున్నవాళ్ళతో మాట్లాడకూడదని మాకు రూలు సార్."

మళ్ళీ పాట మొదలైంది. లైబ్రేరియన్ జీవితంలో మొదటిసారి ఒక ఆడపిల్లను మనసులో తిట్టుకున్నాడు.

హోటల్ గేటు కనబడింది. అడ్డంగా కర్ర, కర్ర పక్కన సెక్యూరిటీ మనిషి. కర్ర లేపేదాకా ఆగాలి, ఆగితే చచ్చామే! లైబ్రేరియన్ కారును ఉందో లేదో తెలియనంత మెల్లగా పోనిస్తూ, లోపలికి వస్తున్నానని సైగ చేయడానికి ఇండికేటర్ వేశాడు. ఈ కారులో ఇండికేటరూ, అద్దం తుడిచే మీటా పాత బండికి తలకిందులు. అద్దం మీదికి చిమ్మాల్సిన సబ్బునీళ్ళు ఎగిరి సెక్యూరిటీ మనిషి మొహం మీద పడ్డాయి.

"ఏయ్! ఆపు బండి!"

"ఆపలేను బాబూ! కర్ర ఎత్తు! పుణ్యముంటుంది, కర్ర ఎత్తు!"

మొహం తుడుచుకుంటూ అతను పక్కకు గెంతి, భయంతో కర్ర ఎత్తేశాడు. ఎత్తాక తప్పు చేశాననుకున్నాడు కాబోలు, ఈల ఊదుకుంటూ కారు వెనక పరుగెత్తాడు.

లోపల ఒక ఫౌంటెన్, దాని చుట్టూ గుండ్రంగా దారి, ఒక పక్కన హోటల్ గుమ్మం. లైబ్రేరియన్ చుట్టు మొదలుపెట్టాడు. కారు వెనక సెక్యూరిటీ, అతని వెనక ఇంకో సెక్యూరిటీ. ఈల చప్పుడుకు గుమ్మంలోకి తెల్ల టోపీ పెట్టుకున్న లావాటి మనిషి వచ్చాడు. ఆయనే చెఫ్.

"ఆయనేనండీ! మాట్లాడండి!" అంటూ ఇల్లాలు తన కిటికీ దించబోయింది. అది దిగలేదు. పిల్లలు తెరవకుండా కంపెనీవాళ్ళు పెట్టిన తాళం వెనక అద్దాలకు ఉంది, అది తీసే మీట ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలియదు. దాంతో భారమంతా లైబ్రేరియన్ మీద పడింది. బతుకంతా గుసగుసలతో గడిపిన ఆ మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి గొంతు చించుకున్నాడు.

"కేకు తెచ్చామండీ!" అన్నాడు గుమ్మం దాటుతూ. మిగతా మాట ఫౌంటెన్ హోరులో కలిసిపోయింది.

చెఫ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కారు చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడే ఆపమండీ!"

మళ్ళీ ఫౌంటెన్. మళ్ళీ గుమ్మం.

"కాసేపు చూస్తూ ఉండండి!"

తాళం సంగతి చెప్పే వాక్యం ప్రతిసారీ ఫౌంటెన్ అవతలే పూర్తవుతోంది. వినడానికి అక్కడ ఒగరుస్తున్న సెక్యూరిటీ తప్ప ఎవరూ లేరు. వెనక అద్దంలోంచి ఇల్లాలు చెఫ్‌ను చూసి నవ్వడానికి ప్రయత్నిస్తోంది. ఆ నవ్వు ఎవరికైనా జాలి కలిగించేలా ఉంది. ఇంత కష్టపడి చేసిన కేకు, ఇంత దూరం వచ్చి, గుమ్మం ముందు గిరగిరా తిరుగుతూ పరువు తీస్తోంది. ఇంకో చుట్టులో ఆయన విసుక్కుని లోపలికి వెళ్ళిపోతాడు. అంతటితో సరి.

ఈలోపు గేట్లోంచి స్కూటర్ దూసుకొచ్చింది. రాత్రి బట్టల్లోనే అల్లుడు, వెనక చెయ్యెత్తి తాళం చూపిస్తున్న పెద్దావిడ. అల్లుడు కారు వెనక పడి హారన్ మోగించాడు. ఎవరో దారి ఇమ్మంటున్నారనుకుని లైబ్రేరియన్ వేగం పెంచాడు. స్కూటర్ వేగం పెంచింది. స్కూటర్ దగ్గరైందని కారు కూసింది, కారు కూసిందని సెక్యూరిటీ ఇంకా గట్టిగా ఈల ఊదాడు.

"బావ ఎంతకీ అందడం లేదత్తయ్యగారూ!" అన్నాడు అల్లుడు.

"అయితే అటునుంచి తిప్పు బాబూ, ఎదురెళ్దాం!" అంది పెద్దావిడ.

తిప్పాడు. గుమ్మం దగ్గరి మలుపులో కారూ స్కూటరూ ముక్కూ ముక్కూ ఆనించుకున్నంత దగ్గరగా వచ్చాయి. "అమ్మా!" అని లైబ్రేరియన్ బ్రేకు మీద నిలువునా లేచాడు. కారు కీచుమని ఆగింది. మరుక్షణం ఇంజను కూడా ఆగిపోయింది.

వెనక సీట్లో ఇల్లాలు కళ్ళు మూసేసుకుంది. "అయిపోయింది, అంతా అయిపోయింది" అని గొణిగింది. పెద్దావిడ తాళం పట్టుకున్న చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉంది. లైబ్రేరియన్ ఇక చేసేదేమీ లేక బ్రేకు మీంచి కాలు తీశాడు.

ఇంజను హాయిగా లేచింది.

"ఏవండీ" అంది ఇల్లాలు కళ్ళు తెరిచి.

"ఊ."

"స్టార్టయింది."

"ఊ."

"తాళం ఇంకా బయట అత్తయ్య చేతిలోనే ఉంది."

"తెలుస్తోంది" అన్నాడు లైబ్రేరియన్ నీరసంగా.

చెఫ్ మెట్లు దిగొచ్చి, వెనక తలుపు తీశాడు. పెట్టె మూత ఎత్తాడు. మూడంతస్తులూ నిటారుగా ఉన్నాయి. పైన చక్కెరతో చేసిన పువ్వు రేకు కూడా చెక్కు చెదరలేదు. ఆయన మోకాళ్ళ మీద వంగి అటునుంచీ ఇటునుంచీ చూశాడు. జేబులోంచి చెంచా తీసి కింది అంతస్తులో కొంచెం తవ్వి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు కేకులు తెచ్చేవాళ్ళు చాలామందిని చూశానమ్మా. రుచి అందరూ చేస్తారు. తీరా పెట్టె తెరిస్తే అది ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. 'దారి బాలేదండీ, బ్రేకు పడిందండీ' అని సాకులు. నా గుమ్మం ముందు నిలబెట్టి, 'చూస్తూ ఉండండి' అని చెప్పి, అన్ని చుట్లు తిప్పి, చివర్లో అంత గట్టి బ్రేకు కూడా వేసి మరీ చూపించింది మీరొక్కరే. ఇంత ధైర్యం ఉన్నవాళ్ళకి కాక ఇంకెవరికిస్తాను ఆర్డరు!"

ఇల్లాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి సంతోషపు కన్నీళ్ళే, దాచుకోవాలని కూడా ఆవిడకు తోచలేదు. పెద్దావిడ స్కూటర్ దిగి, కోడలి పక్కకొచ్చి, "మా కోడలు చేసిందంటే ఊరికే కాదు బాబూ" అంది చెఫ్‌తో, అంతా ముందే అనుకుని చేసినట్టు.

లైబ్రేరియన్ పుట్టుకతోనే అబద్ధం చేతకాని మనిషి. "అది కాదండీ, అసలు సంగతేంటంటే..." అని మొదలుపెట్టాడు. వెనకనుంచి భార్య చెయ్యి భుజం మీద పడి గట్టిగా గిల్లింది. ఆయన నోరు మూసుకున్నాడు.

"ఒక్కటే షరతు" అన్నాడు చెఫ్ టోపీ మళ్ళీ పెట్టుకుంటూ. "ఇకమీదట వచ్చే ప్రతి కేకునూ ఇలాగే నా కళ్ళముందు తిప్పి చూపించాలి. రేపటి విందుకి అయిదంతస్తులు. సారే నడపాలి, ఇంకెవరూ వద్దు."

"తప్పకుండా అండీ" అంది ఇల్లాలు.

ఫౌంటెన్ చుట్టూ అన్ని చుట్లు తిరిగినా తిరగని లైబ్రేరియన్ కళ్ళు, ఆగిన కారులో కూర్చున్నాక తిరిగాయి.