నిర్దోషి అని రాసిచ్చిన కాగితం

కాలువ లాకు దగ్గర పనిచేసే ఎబెనేజరు కోర్టులో అబద్ధ సాక్ష్యం చెప్పి మెట్లు దిగేసరికి, ఆ మండలంలో అందరికీ జరిగేట్టే, పాపం చేసిన అవయవం నీలంగా మారిపోయింది. ఆయనకు నాలుక. దొంగతనం చేసినవాళ్లకు చేతులు మారతాయి. దీన్నెవరూ వింతగా చూడరు. శిక్ష పూర్తయిందని మండల పాపపరిహార కార్యాలయం ముద్ర వేస్తే రంగు పోతుంది.

చేసింది చిన్న పనేమీ కాదు. ఓ మధ్యాహ్నం డ్యూటీలో కునుకు తీసి, లాకు తలుపులు దించడం మరిచాడు. నలభై ఎకరాల వరి మునిగింది. ఆ పూట డ్యూటీ తన బామ్మర్ది దేవదానానిదని కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పాడు. నాలుక రంగు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు కాబట్టి దేవదానం ఆరు నెలలు జైల్లో ఉండి వచ్చాడు.

నాలుక నీలమైనవాళ్లకు చర్చిలో ప్రభువు బల్ల రొట్టె ఇవ్వరు. నాలుగేళ్లుగా రొట్టె పళ్లెం ఎబెనేజరును దాటుకుంటూ పోతోంది. అలా దాటినప్పుడల్లా ఆయన ప్రాణం ఉసూరుమనేది. చివరికి, ఏ శిక్షయితే అదయిందని గుండె దిటవు చేసుకుని కార్యాలయానికి వెళ్లాడు.

"శిక్ష వేయించుకుందామని వచ్చానమ్మా. కాస్త తేలికది చూడండి."

గుమాస్తా సుకుమారి ఫైలు తిరగేసింది. "మీది అయిపోయిందండీ. మీకు బదులు ఒకాయన అనుభవించేశారు."

ఎబెనేజరుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ప్రభువే కదమ్మా!"

"ప్రభువు గారి ఫైలు పై ఆఫీసులో ఉంటదండీ. పరలోకానికైతే అది చెల్లుద్ది. నాలుకలూ చేతులూ మండలం పరిధి. ఇక్కడ బండ్ల దేవదానం, ఆరు నెలలు అని ఉంది."

నిబంధన ఒక్కటే. బదులు పడినవాడు నిర్దోషి అయి ఉండాలి. దోషి అయితే ఆ శిక్ష అతని సొంతానికే పోతుంది. కాబట్టి దేవదానం నిర్దోషి అని ఎబెనేజరు స్వహస్తాలతో రాసివ్వాలి.

పెన్ను ఆగింది. "ఇది కోర్టుకు పోదు కదమ్మా?"

"వాళ్ల శాఖ వేరు, మా శాఖ వేరండీ. ఈ కాగితం ఈ బీరువా దాటదు."

"హమ్మయ్య" అనుకున్నాడు ఎబెనేజరు. నాలుగేళ్లుగా నోట రాని నిజాన్ని మూడు వాక్యాల్లో, ఒక్క అక్షరదోషం లేకుండా రాసేశాడు. ముద్ర తడి ఆరేలోపే నాలుక ఎర్రబడింది. బయటికొచ్చి సోడా తాగితే, చాన్నాళ్లకు దాని రుచి తెలిసింది.

ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు. "నేను పడాల్సిన శిక్ష నిర్దోషి ఒకాయన పడ్డాడు" అంటూ నిజంగానే ఏడ్చాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, నాలుక కూడా అభ్యంతరం చెప్పలేదు. సంఘమంతా స్తోత్రం అంది. జైలుకెళ్లొచ్చినవాళ్లు కూర్చునే ఆఖరి వరసలోంచి దేవదానం అందరికన్నా గట్టిగా "ఆమేన్ బావా!" అన్నాడు. వాడు బంగారం అనుకున్నాడు ఎబెనేజరు, మనసు నిండుగా. రొట్టె పళ్లెం ఈసారి ఆయన ముందు ఆగింది.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన, కుడిచేతికి రుమాలు చుట్టుకుని, ఎబెనేజరును గోడవారకు పిలిచాడు.

"మీ దేవదానానికి ఈ ఏడు ఖాళీ ఉంటదంటావా?"

"ఎందుకుండదండీ," అన్నాడు ఎబెనేజరు సంతోషంగా. "మావాడు ఎవరికీ కాదనడు."