ఎడమ కంటికి కుడి చీటీ

ఈసీ వాగు పొంగి రోడ్డెక్కిన ఏడాది, మనిషి చెప్పకముందే జవాబు రాసుకునే కంప్యూటరు మొయినాబాద్ కంటి శిబిరానికి వచ్చింది. పరిపాలన ఇంతకంటే ముందుకు పోలేదు (పోతే మనం పుట్టకముందే ఆపరేషన్ అయిపోతుంది).

నాకు ఎడమ కంట్లో శుక్లం. కుడి కన్ను బాగున్నది. కంప్యూటరు దగ్గర కూర్చున్న గీతాంజలి ‘ఎడమ’ అనే కొట్టింది. చీటీ మీద ‘కుడి’ అని వచ్చింది.

"పేరు కార్డు నుంచి దానంతటదే వస్తది తాతా. ఏ కన్నో నేను తెర మీద ఈ పెట్టెల కొట్టాలె. ఇదేమో నేను కొట్టకముందే పెట్టెను చదువుకుంటది. నీ ముందటాయన కన్ను అందుల ఉండె. అదే నీకొచ్చింది."

"మరి నాది?"

"నీ ఎనకాయనకు పోతది. ఫికర్ చెయ్యకు."

నేత్ర నమోదు పర్యవేక్షణాధికారి ప్రభాకర్ గారు వెంటనే ఉత్తర్వు ఇచ్చారు. యంత్రాన్ని సరిచేసే అధికారం ఆయనకు లేదు, మనుషులను సరిచేసే అధికారం ఉన్నది. ఇకపై ఎడమ కన్ను వారు ఎడమ కన్ను వారి వెనకే నిలబడవలెను.

జన్వాడలో తోట కాపలా ఉండే సత్తయ్యది ఎడమ కన్నే. అతనికి సరైన చీటీ అప్పటికే వచ్చింది.

"సత్తన్నా, మల్లొకసారి నా ముందట నిలవడవా జర?"

"నా కంటికి ఇంత గిరాకీ ఎన్నడు లేకుండె," అన్నాడు. "చాయ్ తాపియ్యి."

తాపించాను. నిలబడ్డాడు. గీతాంజలి అతని ‘ఎడమ’ కొట్టింది. అతను పక్కకు జరిగాడో లేదో, ఒక మాజీ సర్పంచి మధ్యలో దూరారు. ఆయనది కుడి కన్ను.

"అర్జెంటు పనున్నది పెద్దాయనా," అన్నారు.

సత్తయ్య ఎడమ ఆయనకు పోయింది. ఆయన కుడి నాకు వచ్చింది. ఆయన చీటీని ప్రభాకర్ గారు లేచి నిలబడి పెన్నుతో దిద్దారు. నాది కూడా దిద్దమన్నాను.

"కండ్లు కనవడకనే వచ్చినవు గదా," అన్నారు ప్రభాకర్ గారు. "నీ మాట ఎట్ల నమ్మాలె?"

"మంచి కన్ను కోస్తరు సారూ."

"చీటీల ఉన్నది కోస్తరు. రేపు పొద్దుగాల రా."

మరునాడు పొద్దున కుడి కంటికి నేనే దూది పెట్టి పట్టీ వేసుకొని, గోడలు పట్టుకుంటూ వెళ్ళాను. డాక్టరు చీటీ చూశారు, పట్టీ చూశారు. ‘ఆపరేషన్ అయిపోయింది’ అని సంతకం చేసి, పట్టీ విప్పి నల్ల కళ్ళద్దాలు పెట్టారు.

"ఎట్ల కనవడుతున్నది?" అన్నారు.

"నిన్నటి లెక్కనే," అన్నాను.

‘విజయవంతం’ అని రాసుకున్నారు.