ఆగని వాద్యానికి అనుమతి

మనిషి ఒంట్లో ఏది ఎప్పుడు చప్పుడు చేయాలో నిర్ణయించే అధికారం ప్రకృతి చేతుల్లోంచి మా అమ్మాయి బడిలోని వాద్య పరిశీలన విభాగానికి ఎప్పుడో బదిలీ అయింది. (ఈ సంగతి ప్రకృతికి తెలియజేశారో లేదో నాకు తెలియదు. నేను తొమ్మిదితో చదువు ఆపేసినదాన్ని.)

మా చిట్టికి ఏడేళ్లు. దాని వేళ్లలో ఏ వస్తువూ నిలవదు. వార్షికోత్సవంలో తరగతంతా వేదికెక్కి వాయిస్తుంటే ఇదొక్కతీ కింద కూర్చుని చూడకూడదని మా ఆయన ఇంట్లోనే ఒక సెన్సర్ తయారుచేశారు. పాత స్వెటర్ ప్రెస్ బటన్లు రెండు ఛాతీకి అంటిస్తే, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎలక్ట్రానిక్ డ్రమ్ము మోగుతుంది. చిట్టి ఊపిరి మెల్లగా వదిలితే తాళం నెమ్మదిస్తుంది. ఉయ్యాలను తలచుకుంటే పరుగెడుతుంది.

అనుమతి కోసం బడికి తీసుకెళితే, పరిశీలనాధికారి కళ్లు మూసుకుని విన్నారు.

"బాగుందమ్మా. ఇక ఆపండి."

"ఆపడమంటే సార్..."

"అడిగిన వెంటనే ప్రతి వాద్యమూ ఒక నిమిషం ఆగాలి. మధ్యలో పెద్దవాళ్లు మైకులో మాట్లాడతారు కదా."

నేను గబగబా తీగ పీకేశాను. ఆయన చిట్టి మణికట్టు పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపారు.

"డ్రమ్ము ఆగింది. వాద్యం ఆగలేదు. ఇదిగో, ఇంకా కొట్టుకుంటోంది."

"అది గుండె సార్!"

"నేనేమన్నా కాదన్నానా? పోనీ, అర నిమిషం ఆపండి." (చిన్నపిల్లలకు సగం రాయితీ ఉందట.)

"ఆపితే మళ్లీ ఎవరు మొదలుపెడతారు అంకుల్?" అంది చిట్టి.

ఆయన పైవాళ్లకు ఫోన్ చేసి కనుక్కున్నారు. వాళ్లకూ తెలియదట.

నా గుండెకు తీగ లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే ఆ మోతకు గదిలోంచి అందర్నీ ఖాళీ చేయించేవారు.

"ఎలాగైనా చూడండి సార్. పొద్దున్నే లేచి అద్దం ముందు వంగి దండం పెట్టడం కూడా నేర్చుకుంటోంది, చప్పట్లు కొడతారని."

"ఏడవకండమ్మా. మాకు మాత్రం పిల్లల్లేరా?"

నిజంగానే మంచి మనిషి. నిబంధనల పుస్తకం చివరిదాకా తిరగేసి, అడిగినా ఆగనక్కర్లేని వాటి వర్గం ఒకటి వెతికి పట్టుకున్నారు. అందులో ఇంతవరకు ఉన్నది జనరేటర్లు మాత్రమే. మా చిట్టిని వాటి పక్కన చేర్చి, అక్కడికక్కడే ముద్ర కొట్టారు. నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

షరతు కూడా ఒక్కటే: చప్పుడు సభలో ఎవరికీ వినపడనంత దూరంలో ఉంచాలి.