రెండు నిబంధనలు, ఒక మైకు సెట్టు

దేవుడు మారిపోవడం కంటే మనిషికి మేలు చేసేది ఇంకొకటి లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను! పాత నిబంధనలో ఒక రకంగా, కొత్త నిబంధనలో ఇంకో రకంగా కనిపిస్తాడేమిటని చదువుకున్నవాళ్లు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. వాళ్లు ఒక్క ఆదివారం మా తిరువూరు చర్చిలో కూర్చుంటే అనుమానం తీరిపోతుంది.

పాత నిబంధనలో ఆయనకు కోపం వస్తే లోకాన్నంతా నీళ్లలో ముంచేశాడు. పట్టణాల మీద అగ్ని కురిపించాడు. కొత్త నిబంధనకు వచ్చేసరికి, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యులకు ఒడ్డున నిప్పులు రాజేసి చేపలు కాల్చి పెట్టాడు. ఒకే పుస్తకంలో ఇంత వెరైటీ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

పాతదంతా కోపమేనా అంటారేమో. కాదు. ఆదాముకూ హవ్వకూ చర్మపు చొక్కాలు కుట్టి తొడిగింది ఆ దేవుడే. పోనీ, కొత్తదంతా లాలనేనా? గుడిలో వ్యాపారుల మీద కొరడా ఝుళిపించింది ఈ ప్రభువే. కానీ మా పాస్టరుగారు ఆ పేజీలు తిప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన పద్ధతి తేలిక. వెనక చాపల మీద కూర్చున్న కూలి జనానికి పాత నిబంధన, ముందు కుర్చీలవాళ్లకు కొత్త నిబంధన!

డెబ్బై నాలుగులో చర్చికి కరెంటొచ్చి మైకు పెట్టాక ఈ సౌకర్యం ఊరందరికీ అందింది. సెట్టు అద్దెకిచ్చే హనీఫ్‌ది. కిటికీ పక్కన కూర్చుని చెయ్యి సౌండు తిప్పే నాబు మీదే ఉంచుతాడు.

"అయ్యగారు అరిస్తే తగ్గిస్తానండి, మెల్లగా మాట్లాడితే పెంచుతాను. లేకపోతే ఊళ్లో వినపడొద్దూ?" అంటాడు.

అంటే కోపం తగ్గించి దయ పెంచేవాడు మా చర్చి మొత్తానికి హనీఫ్ సాయిబు ఒక్కడే!

పోయిన నెల రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం వచ్చింది. పాస్టరుగారు పిడికిలి బిగించి, "విశ్రాంతి దినాన పనిచేసినవాణ్ణి రాళ్లతో కొట్టించాడు దేవుడు! మేరమ్మా, నీకు ఇవాళ రొట్టె లేదు!" అని గర్జించారు. హనీఫ్ నాబు తగ్గించాడు.

చాపల మీద కూర్చునే మేరమ్మ చేసిన పాపం ఏమిటి? ముందు ఆదివారం నాట్లకు పోయింది. ఎవరి పొలంలో? సంఘ పెద్ద ప్రభుదాసుగారి పొలంలో! రాకపోతే మళ్లీ పనికి పిలవనన్నదీ ఆయనే, గట్టు మీద గొడుగేసుకుని నాట్లేయించిందీ ఆయనే.

ఆ రొట్టె ముక్క మేరమ్మకు నెలంతటికీ ధైర్యం. మొగుడు చనిపోయిన నెలలో కూడా మానలేదు. తల మీద చెంగు లాక్కుని బయటికి నడిచి, గోడకు కట్టిన మైకు హారన్ కింద మెట్ల మీద కూర్చుంది. నాకు చాలా బాధేసింది.

అందరం కళ్లు మూసుకుని మౌన ప్రార్థనలో ఉండగా ప్రభుదాసుగారు మైకు ముందున్న పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, "అయ్యగారూ, పొలం నాదే కదండీ. మరి నేను తీసుకోవచ్చా?" అని గుసగుసలాడారు.

"అయ్యో, మీకేమండీ! విశ్రాంతి దినం మనుషుల కోసమేనని ప్రభువే అన్నాడు. అదునులో నాట్లు ఆగితే ఎట్లా?" అన్నారు పాస్టరుగారు, వెన్న పూసినట్టు.

గొంతు మెత్తబడింది కదా! మొదటి మాటకే హనీఫ్ అలవాటు ప్రకారం నాబును చివరికంటా తిప్పేశాడు.

కొత్త నిబంధన విస్సన్నపేట బస్సు కోసం నిలబడ్డవాళ్ల దాకా స్పష్టంగా వినిపించింది.

మేరమ్మ లేచి లోపలికి వచ్చింది. చాపలు దాటి, కుర్చీలు దాటి, పాస్టరుగారి ముందు దోసిలి పట్టింది.

"అయ్యగారూ, ఇప్పుడు మైకులో మాట్లాడిన దేవుణ్ణే నాక్కూడా ఇప్పించండి."

పాస్టరుగారు ప్రభుదాసుగారి వంక చూశారు. ప్రభుదాసుగారు నేల వంక చూశారు. రొట్టె పళ్లెం మేరమ్మ ముందుకు జరిగింది.

కాబట్టి నా మాట మీదే ఉన్నాను, దేవుడు మారడం మంచిదే. కాకపోతే మారేదేదో చాపల దగ్గరా కుర్చీల దగ్గరా ఒకేసారి మారితే బాగుంటుంది. అప్పటిదాకా నాబు మీంచి చెయ్యి తియ్యొద్దని హనీఫ్‌కు నేనే చెప్పి వచ్చాను.